మాస్టారికి చెప్పాల్సిన మాట

నాచారంలో శ్యామలాదేవి నోటికి జడవని మనిషి ఒకే ఒక్కరు, ఆమె కూతురు ధనశ్రీ. ఆ పిల్లకు వినపడదు కనుక. ఈ మాట ఇరుగుపొరుగువాళ్ళు అన్నది కాదు. శ్యామలాదేవే తన కర్రీ పాయింటు ముందు నిలబడి పదిమందిలో అనేది, అని అందరికంటే ముందు తనే నవ్వేది. ఎవరి నోటినుంచైనా "పాపం" అనే మాట బయటికొచ్చేలోపే ఇలాంటిదొకటి విసిరి వాళ్ళ నోరు కట్టేసేది. జాలిపడడానికి వచ్చినవాళ్ళు పప్పో పులుసో కట్టించుకుని, జాలిని మళ్ళీ జేబులో వేసుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

ఆమె పుట్టింది రేపల్లె దగ్గర. బీకాం చదివింది. పెళ్ళయి గిరిప్రసాద్ వెంట హైదరాబాదు వచ్చింది. ఆయన హబ్సిగూడలో ఒక కేంద్ర ప్రభుత్వ పరిశోధనశాలలో టెక్నీషియను. మంచివాడు, మితభాషి. ఇంట్లో మాట్లాడే పని మొత్తం భార్యకు అప్పగించి నిశ్చింతగా ఉంటాడు. ధనశ్రీ బడికి వెళ్ళే వయసొచ్చాక, ఇంటికి దగ్గరగా ఏదైనా చెయ్యాలనుకుని మల్లాపూర్ వెళ్ళే రోడ్డు మీద ఒక షట్టరు అద్దెకు తీసుకుని కర్రీ పాయింటు పెట్టింది శ్యామలాదేవి. పారిశ్రామికవాడలో పనిచేసేవాళ్ళు, గదుల్లో ఉండే బ్రహ్మచారులు, మెట్రో దిగి ఇంటికెళ్తూ వంట చెయ్యడానికి బద్ధకించే సాఫ్ట్‌వేరు దంపతులు, అందరూ అక్కడే ఆగుతారు.

వంట బాగుంటుందని కొందరు వస్తే, ఆవిడ మాట నమ్మొచ్చని చాలామంది వస్తారు. "ఇవాళ దొండకాయ ముదిరింది, తీసుకోకు. పప్పు తీసుకెళ్ళు" అని తన సరుకు తనే కాదంటుంది. ముక్కుసూటి మనిషి. అలా మాట్లాడితే బేరాలు పోతాయని పక్క కొట్టువాళ్ళు బుద్ధి చెప్పబోయారు కాని, బేరం పోలేదు సరికదా, పెరిగింది.

ఒకసారి రోడ్డుకు అవతలి వైపు మరో కర్రీ పాయింటు వెలిసింది. అక్కడ మాంసం, చేపలు కూడా చేస్తారు. శ్యామలాదేవి దగ్గర ఏళ్ళ తరబడి కొంటున్న పోశయ్య అనే ఆయన, బీరువాలు చేసే కంపెనీలో పనివాడు, ఒక మధ్యాహ్నం అవతలి కొట్లో కూర కొనుక్కుని, ఈవిడ కంట పడకూడదని ఆ కవరు చొక్కాలో దూర్చుకుని గోడవారగా పోతున్నాడు. ఆవిడ చూడనే చూసింది.

"పోశన్నా, ఆ చొక్కాలో ఏంటి? పిల్లిపిల్లనా?"

పోశయ్య నీళ్ళు నమిలాడు. "గది గాదు అక్కా... జర చేపల పులుసు తినబుద్ధయింది. నువ్వేమో కూరగాయలు తప్ప ఇంకేం చెయ్యవైతివి. నీ ముంగటికెల్లి పట్కపోవాల్నంటే మనసొప్పలే."

"తినబుద్ధయితే తిను. వేడి వేడి పులుసు పొట్టకు కట్టుకుంటే బొబ్బలెక్కుతాయి. కొట్టు మార్చినంత మాత్రాన మనం పలకరించుకోవడం మానేస్తామా? బయటికి తీసి చేత్తో పట్టుకుని దర్జాగా పో."

వీధంతా గొల్లున నవ్వింది. ఆ రోజు నుంచి ఎవరూ ఆవిడ ముందు కవరు దాచుకోలేదు. మొహమాటం అనే జబ్బుకు నాచారంలో మందు దొరికే చోటు అదొక్కటేనని గిరిప్రసాద్ కూడా ఒప్పుకున్నాడు.

అంతటి మనిషికి కూడా ఒకరి ముందు నోరు పెగిలేది కాదు. ఆయన పట్టాభిరామయ్య మాస్టారు.

మాస్టారు రైల్వే స్కూల్లో హెడ్మాస్టరుగా చేసి, రిటైరయ్యాక ఉప్పల్‌లో ఒక ట్రస్టులో కుదురుకున్నారు. వైకల్యం ఉన్న పిల్లల చదువుకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్పును ఆ ట్రస్టు నడుపుతుంది. ప్రభుత్వం తనంతట తాను ఆ డబ్బు ఏ పిల్ల చేతిలోనూ పెట్టదు. ఇలాంటి ట్రస్టుల ద్వారా ఇప్పిస్తుంది. పిల్ల పేరున ట్రస్టులో ఖాతా ఉంటుంది, పిల్లకు నేర్పే టీచరుకు అక్కడినుంచి జీతం వెళ్తుంది. ఏ టీచరును ఒప్పుకోవాలో, దేన్ని చదువుగా లెక్కించాలో ఆ ట్రస్టు ఇష్టం.

ధనశ్రీ చిన్నప్పుడు, వినికిడి లేదని తెలిసి మొగుడూ పెళ్ళాలు దిక్కుతోచకుండా ఉన్నప్పుడు, తెలిసినవాళ్ళెవరో మాస్టారి పేరు చెప్పారు. ఆయన స్కూటరు వేసుకుని ఇంటికొచ్చారు. సర్టిఫికెట్టు కోసం పెద్దాసుపత్రిలో వాళ్ళతోపాటు క్యూలో నిలబడ్డారు. చంకలో పిల్లతో నిలబడలేక శ్యామలాదేవి గోడకు ఆనుకుంటే, ధనశ్రీని తను ఎత్తుకున్నారు. చెవి మిషన్లు పెట్టించారు, స్కాలర్‌షిప్పు ఇప్పించారు, ఉప్పల్‌లో మాట నేర్పే టీచరు దగ్గర చేర్పించారు. అప్పటినుంచి ప్రతి ఏడూ వేసవిలో రెన్యువల్ కాగితాలు పట్టుకుని తనే ఇంటికొస్తారు. పెసరట్టు తిని, కాఫీ తాగి, సంతకం పెట్టించుకుని వెళ్తారు. ఆయనదీ కృష్ణ ఒడ్డే కావడంతో ఆ పూట మాటల్లో నదికి కూడా కొంచెం చోటు దొరుకుతుంది.

"పిల్లకు మాట రావాలమ్మాయ్. లోకం చెవులతో వింటుంది. ఎవరి కోసమూ అది తీరు మార్చుకోదు" అనేవారు మాస్టారు. ఆయన ట్రస్టు నమ్మకం కూడా అదే. మాట నేర్పితేనే చదువు, మిగతావేవీ ఆ లెక్కలోకి రావు.

ధనశ్రీ నేర్చుకుంది. అద్దం ముందు కూచుని పెదవులు చూసుకుంటూ, టీచరు గొంతు మీద చెయ్యి పెట్టి అదురు పట్టుకుంటూ, ఒక్కో అక్షరం నేర్చుకుంది. ఆ మాట తల్లికి తెలుస్తుంది, తండ్రికి తెలుస్తుంది. బయటివాళ్ళకు సగమే. బళ్ళో ఒకడు ఆమె మాటను అనుకరించి క్లాసంతా నవ్వించాక, ధనశ్రీ ఇంటి గడప దాటితే పెదవి విప్పడం మానేసింది. పరీక్షల్లో మార్కులు తగ్గాయి. ఇంట్లో కూడా "ఊ", "వద్దు", "తిన్నా", ఇంతే. తొమ్మిదో తరగతికొచ్చిన పిల్ల ముసలమ్మలా కిటికీ పక్కన కూచుంటుంటే శ్యామలాదేవి వంటింట్లోకి పోయి కళ్ళు ఒత్తుకునేది. కొట్లో మాత్రం జోకులేసేది.

అలాంటి సమయంలో, ఉప్పల్ క్లాసుకు వచ్చే ప్రజ్ఞ అనే నేస్తం, కొన్నాళ్ళుగా చాటుగా సైగలు నేర్పుతూ వచ్చి, ధనశ్రీని ఒక సాయంత్రం చిల్కానగర్ తీసుకెళ్ళింది. అక్కడ హిమజ అనే టీచరు తన ఇంటి మేడ మీద, వినపడని పిల్లలకు సైగల భాషలో లెక్కలూ సైన్సూ చెబుతుంది. హిమజకూ వినపడదు. కూతుర్ని వెనక్కి తీసుకురావడానికి శ్యామలాదేవి వెళ్ళింది. మెట్లెక్కుతుంటే పైనుంచి ఏ చప్పుడూ లేదు, క్లాసు అయిపోయిందనుకుంది.

పైకెళ్ళి చూస్తే గది నిండా పిల్లలు. బోర్డు మీద ఏదో సమీకరణం. ధనశ్రీ బోర్డు ముందు నిలబడి టీచరుతో పోట్లాడుతోంది. చేతులు ఆగడం లేదు. కనుబొమలు, భుజాలు, బుగ్గలు, అన్నీ మాట్లాడుతున్నాయి. టీచరు తల అడ్డంగా ఊపుతుంటే ఈ పిల్ల సుద్దముక్క లాక్కుని రెండో గీత కొట్టేసి, వెనక్కి తిరిగి క్లాసుకేసి ఏదో చేసి చూపించింది. పిల్లలంతా పొట్టలు పట్టుకున్నారు. టీచరూ నవ్వింది.

శ్యామలాదేవి గుమ్మంలోనే ఆగిపోయింది. తన కూతురు జోకు వేయడం ఆమె అంతవరకు చూడలేదు. ఆ జోకేమిటో ఆమెకు తెలియలేదు కూడా. ఇన్నాళ్ళూ ఈ పిల్లకు తన పోలిక ఒక్కటీ రాలేదని బాధపడింది. పోలికంతా చేతుల్లోకి వచ్చిందని ఇప్పుడు తెలిసి, మెట్ల మీద కూలబడి ఏడ్చేసింది.

హిమజ ఫోనులో టైపు చేసి చూపించింది. "మీ అమ్మాయి నాతో పోట్లాడుతుంది. లెక్కల్లో పోట్లాడేవాళ్ళు గట్టెక్కుతారు. పదో తరగతి బ్యాచిలో ఒక్క చోటు ఉంది. స్కూళ్ళు తెరిచేవరకు ఆపుతాను. తర్వాత ఇంకో పిల్లకు ఇవ్వాలి, వాళ్ళూ ఎదురుచూస్తున్నారు."

పదో తరగతి. ఆ చోటు దొరికితే ధనశ్రీ గట్టెక్కుతుంది, లేకపోతే మళ్ళీ ఆ కిటికీయే గతి. శ్యామలాదేవికి ఇందులో అనుమానం లేదు. టీచరు జీతం సొంతంగా కట్టడం వాళ్ళ వల్ల కాదు, ఉప్పల్ ట్రస్టేమో సైగల చదువును ఒప్పుకోదు. హబ్సిగూడలో మరో ట్రస్టు ఉంది, అది ఒప్పుకుంటుంది. ఏడాదికొకసారి, మే నెలాఖరులోపు, తల్లిదండ్రులు ఒక ట్రస్టు నుంచి ఇంకో ట్రస్టుకు మారవచ్చు. ఆమె మర్నాడే హబ్సిగూడ వెళ్ళి దరఖాస్తు పెట్టేసింది.

అక్కడి అమ్మాయి సాయి ప్రియ, ఉప్పల్ పిల్ల, చకచకా పని చేసింది. "ఏం ఫికర్ చెయ్యకుర్రి ఆంటీ, మస్తు మంది మారుతున్నరు. గని ఒక్క ముచ్చట యాదిల పెట్టుకోండ్రి. పిల్ల పేరు ఒక్క దగ్గర్నే ఉండాలె. పాతోళ్ళ తాన చెప్పి, ఒదిలిపెట్టినమని రాయించుకొని రాండి. గప్పుడే ఇక్కడ ఖాతా తెరుస్తం."

"అదెంత పని తల్లీ, రేపే చెప్పేస్తాను" అంది శ్యామలాదేవి. మాటకేం, బ్రహ్మాండంగా అంది.

రేపు వచ్చింది. చెప్పలేదు. మాస్టారికి జలుబట, ఇప్పుడెందుకులే అనుకుంది. ఇంకో రోజు ఆయన మనవరాలి పరీక్షా ఫలితాలట. మరో రోజు మంగళవారం. చెప్పకపోవడానికి కారణాలు వెతుక్కునే మనిషికి పంచాంగం కూడా సాయం చేస్తుంది. అసలు సంగతేమిటంటే, తన పిల్లను ఎత్తుకుని ఆసుపత్రి క్యూలో నిలబడిన మనిషి ముఖాన "మీరు నేర్పించింది మాకొద్దు" అనడానికి ఆమెకు గుండె చాలలేదు.

ఇంతలో మాస్టారే వచ్చేశారు. స్కూటరు స్టాండు వేసి, చెమట తుడుచుకుని, ఎప్పటిలాగే "ఏమ్మాయ్, పిండి రుబ్బావా?" అన్నారు. శ్యామలాదేవి పెసరట్టు వేసింది. అల్లప్పచ్చడి వడ్డించింది. కాఫీ ఇచ్చింది. ఆయన సంచిలోంచి రెన్యువల్ కాగితం తీసి, వేలితో చోటు చూపించి, పెన్ను మూత కూడా తీసి ఇచ్చారు.

గిరిప్రసాద్ గుడ్లప్పగించి భార్యకేసి చూస్తున్నాడు. శ్యామలాదేవి పెన్ను అందుకుంది. సంతకం పెట్టింది.

స్కూటరు సందు మలుపు తిరిగింది.

"అదేంటి శ్యామలా?" అన్నాడు గిరిప్రసాద్.

"ఏం చెయ్యమంటారండీ? నోట్లో పెసరట్టు ముక్క ఉండగా ఎలా చెప్పను ఆయనకు?"

"ఆయన నోట్లోనా, నీ నోట్లోనా?"

"మీరు ఊరుకోండి."

మొహమాటానికి పోతే ఏమవుతుందో మన పెద్దవాళ్ళు ఒక మోటు సామెతలో చెప్పి పెట్టారు. దాన్ని ఇక్కడ పూర్తిగా చెప్పనక్కరలేదు, తెలియని తెలుగువాళ్ళు లేరు. నాలుగు రోజులు తిరక్కుండా సాయి ప్రియ నుంచి ఫోను.

"ఆంటీ, గిట్లెట్ల జేసిన్రు? ఇక్కడ దరఖాస్తు పెట్టిన్రు, అక్కడ మల్ల సంతకం పెట్టిన్రు. పిల్ల పేరు రెండు దిక్కుల కనిపిస్తుందని కంప్యూటర్ల రెండూ ఆగినయి. ఇటు మేం ఇయ్యలేం, అటు వాళ్ళూ ఇయ్యలేరు. ఆళ్ళకు ఇంకా ఈ ముచ్చట తెల్వదు."

"అయ్యో, ఇప్పుడేం చెయ్యాలమ్మా?"

"నెలాఖరు లోపల ఉప్పల్ సారు ఒదిలిపెడుతున్నమని రాసియ్యాలె. లేకుంటే మల్ల వచ్చే ఏడే. ఒక్క మాట చెప్తే అయిపోతుండే గద ఆంటీ."

ఒక్క మాట. శ్యామలాదేవి ఫోను పెట్టేసి కాసేపు కూరల బేసిన్ల వంక చూస్తూ కూచుంది. చొక్కాలో పులుసు దాచుకున్న పోశయ్య గుర్తొచ్చాడు. వాడు నయం, పొట్ట మాత్రమే కాల్చుకున్నాడు. తను కూతురి ఏడాదికి ఎసరు పెట్టింది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నానని తనను తానే తిట్టుకుంది. ఇతరులను తిట్టినంత ధారాళంగానే తిట్టుకుంది, అందులో పక్షపాతం చూపించలేదు.

సాయంత్రం సంగతంతా ధనశ్రీకి చెప్పింది. కొంత నోటితో, కొంత ఈ మధ్య కూతురి దగ్గర నేర్చుకున్న వంకరటింకర సైగలతో. ఆ పిల్ల పెదవులు చూసి అంతా గ్రహించింది. కోప్పడలేదు. చేతులతో ఒకటే అడిగింది, మాస్టారికి ఎప్పుడు చెబుతావు?

"రేపు" అంది తల్లి.

గిరిప్రసాద్ జాలిపడి "పోనీ నేను వెళ్ళి చెప్పనా?" అన్నాడు.

"మీరా? ఊరెళ్తూ పాలవాడికి రేపు వద్దని చెప్పలేక, ఆ పాలు పక్కింట్లో పోయించి వచ్చిన మనిషి మీరు."

ఆ మాట నిజమే కాబట్టి ఆయన పేపరు వెనక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు శ్యామలాదేవి గుత్తివంకాయ చేసి క్యారేజీలో సర్దుకుని ఉప్పల్ వెళ్ళింది. కాస్త కారం కడుపులో పడితే కఠినమైన మాట కూడా దిగుతుందని ఆమె లెక్క. ట్రస్టు ఆఫీసు రింగ్ రోడ్డు దగ్గర ఒక మందుల షాపు మేడ మీద ఉంది. మాస్టారు క్యారేజీ చూసి చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. వంకాయల గురించి మాట్లాడారు, రేపల్లె ఎండల గురించి మాట్లాడారు, నాగోల్‌లో పెరిగిపోతున్న ఇళ్ళ గురించి మాట్లాడారు. శ్యామలాదేవి అన్నిటికీ ఊ కొట్టి, ఖాళీ క్యారేజీతో మెట్లు దిగి వచ్చేసింది. ఇంటికొచ్చి, కూతురి ముఖం చూడలేక నేరుగా వంటింట్లోకి పోయి పప్పు కడగడం మొదలుపెట్టింది. ధనశ్రీ గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆ తలుపు మూసే ఉండేది. అలిగిందనుకుంది శ్యామలాదేవి. అలిగే హక్కు ఉందనుకుని తలుపు తట్టలేదు.

నెలాఖరు వచ్చింది. ఇక రేపు అనడానికి రేపు మిగల్లేదు. కొట్టు మూసి, మంచి చీర కట్టుకుని శ్యామలాదేవి బయలుదేరుతుంటే, ధనశ్రీ కూడా చెప్పులేసుకుని ముందుకొచ్చి నిలబడింది. వద్దనడానికి తల్లికి ధైర్యం లేకపోయింది.

మాస్టారు ఇద్దర్నీ చూసి లేచి నిలబడ్డారు. "రా తల్లీ, రా! నీ గురించే అనుకుంటున్నాను. ఈసారి మన ట్రస్టు వార్షికోత్సవంలో నీ చేత ఒక పద్యం చదివిస్తాను. చిన్నదే. నాలుగు పాదాలు. ఏమంటావమ్మాయ్?"

సరిగ్గా ఇదే తక్కువయింది అనుకుంది శ్యామలాదేవి. "అలాగే మాస్టారూ... అంటే... అది కాదు... ఈసారి ఎండలు చూశారా, మామిడికాయ కూడా సరిగా రాలేదు..." అని, ఎక్కడికీ చేరని దారి పట్టింది. ఆవకాయ మీదికి పోయింది, అక్కడినుంచి నూనె మీదికి పోయింది. ఇంకో గంటలో హబ్సిగూడ ఆఫీసు మూసేస్తారు. తెలుసు. అయినా నాలుక నూనె దాటి ముందుకు కదలడం లేదు.

ధనశ్రీ తల్లి పెదవుల వంక చూస్తోంది. ఆవకాయ అయింది, నూనె అయింది, తల్లి ఆవాల దగ్గరికొచ్చింది. ధనశ్రీ కుర్చీలోంచి లేచింది. బల్ల ముందుకు వెళ్ళి, రెండు చేతులూ బల్ల అంచున ఆనించి, నోరు తెరిచింది.

"మాస్టారూ. నేను హిమజ టీచర్ దగ్గర చదువుకుంటాను. నన్ను పంపించండి."

ఆ గొంతు హెచ్చుతగ్గులు లేకుండా సాగింది, ఒకచోట అవసరానికి మించి పైకి లేచింది. 'చ' దగ్గర ఊపిరి ఎక్కువైంది. కాని ప్రతి అక్షరమూ తన చోట తను ఉంది. మూల బల్ల దగ్గర టైపు చేస్తున్న గుమాస్తా తలెత్తి చూశాడు. అతనికీ అర్థమైంది.

మాస్టారు కళ్ళజోడు తీశారు. మళ్ళీ పెట్టుకున్నారు.

ఆ తర్వాత గాని శ్యామలాదేవి నోటికి గండి పడలేదు. పడ్డాక ఆగలేదు. చిల్కానగర్ మేడ, బోర్డు ముందు పోట్లాట, ఒకే ఒక్క చోటు, రెండు సంతకాలు, ఆగిపోయిన ఖాతాలు, గుత్తివంకాయ వెనక ఉన్న అసలు ఉద్దేశం, అన్నీ కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది. చెప్పి "తప్పు నాది మాస్టారూ. మిమ్మల్ని బాధపెట్టలేక దాని బతుకు మీదికి తెచ్చాను" అంది.

"బాధ కలిగింది అమ్మాయ్" అన్నారు ఆయన. మొహమాటం లేకుండానే అన్నారు. "కలగలేదని ఎందుకనాలి? కాని అది మీరు వెళ్తున్నందుకు కాదు. ఇన్నేళ్ళు మీ ఇంట్లో కాఫీ తాగాను. ఒక్క మాట చెప్పడానికి ఇంత భయపడే మనిషిలా కనిపించానా నీకు?"

"భయం కాదు మాస్టారూ. ఆ ఆసుపత్రి క్యూ గుర్తొచ్చేది."

ఆయన ధనశ్రీ వైపు తిరిగి, పెదవులు కనిపించేలా మెల్లగా అడిగారు. "అక్కడ బాగా అర్థమవుతుందా తల్లీ?"

ధనశ్రీ తల ఊపింది. ఊపి, అది చాలదనుకుందేమో, ఛాతీ మీద నుంచి రెండు చేతులూ పైకి విప్పి ఏదో చెప్పింది. ముఖం వెలిగిపోయింది. ఆ సైగ ఏమిటో మాస్టారు అడగలేదు. ఆ ముఖాన్ని కొంతసేపు చూస్తూ కూచున్నారు. ఇన్నేళ్ళ ఉప్పల్ క్లాసుల్లో, అద్దం ముందు, ఆయన ఆ ముఖాన్ని ఎన్నడూ అలా చూడలేదు.

"ఈ పిల్ల నోట ఒక పూర్తి వాక్యం వినాలని ఎన్నేళ్ళు కూచున్నానో నీకు తెలుసు కదమ్మాయ్" అన్నారు చివరికి, కాగితం దగ్గరికి లాక్కుంటూ. "విన్నాను. నన్ను వదిలి వెళ్తానన్న వాక్యమే అయింది. కానీలే. బాగానే చెప్పింది."

ఆయన తన చేత్తోనే రాశారు. సంతకం పెట్టి, ముద్ర వేసి, ఇంకు ఆరేవరకు ఊదారు. కాగితం శ్యామలాదేవికి ఇవ్వబోయి, ధనశ్రీ చేతికిచ్చారు. "వార్షికోత్సవానికి రావాలి. పద్యం అక్కర్లేదు. నీ చేతులతో ఏం చెప్పాలనుకుంటే అది చెప్పు. నాకు అర్థం కాకపోతే పక్కన మీ టీచర్ని కూచోబెట్టుకుంటాను."

మెట్లు దిగి రింగ్ రోడ్డు మీదికి వచ్చారు. బస్సులు హారన్లు కొడుతున్నాయి, ఆటోలవాళ్ళు నాగోల్, నాగోల్ అని అరుస్తున్నారు. శ్యామలాదేవి నడుస్తూ నడుస్తూ ఆగి, కూతుర్ని తనవైపు తిప్పుకుంది. బయట పెదవి విప్పని పిల్ల ఇవాళ ఎలా మాట్లాడింది? అంత చక్కగా ఎప్పుడు నేర్చుకుంది? సగం నోటితో, సగం చేతులతో అడిగింది.

ధనశ్రీ కాగితాన్ని మడిచి సంచిలో భద్రంగా పెట్టింది. చేతులు ఖాళీ చేసుకుంది. తల్లికి తెలిసేలా, ఒక్కో సైగా విడివిడిగా, నిదానంగా చెప్పింది.

గదిలో తలుపు వేసుకుని అద్దం ముందు రోజూ చెప్పుకున్నాను. నువ్వు చెప్పలేవని నాకు తెలుసు.

శ్యామలాదేవికి ముందు సిగ్గేసింది. ఆ వెంటనే సిగ్గును మించిన గర్వం ముంచుకొచ్చింది. ఆటోవాళ్ళు చూస్తున్నా పట్టించుకోకుండా కూతుర్ని కావలించుకుని, నవ్వుతూ ఏడ్చింది. ధనశ్రీ కాసేపు ఓర్చుకుంది. తర్వాత విడిపించుకుని, తల్లి ముఖం ముందు చేతి గడియారం పెట్టి చూపించి, ఆఫీసు మూసేస్తారు పద అని హబ్సిగూడ వైపు లాక్కుపోయింది.